చీకటి పుస్తకం బీరువాలో ఉండాలా? శ్రీకాకుళం స్టూడియో చర్చ

శ్రీకాకుళంలో ఒక స్కూలు తన లైబ్రరీ నుంచి ‘మాకింగ్‌జే’ నవలను తీసేసింది. దాని మీద జరిగిన చర్చ ఇది. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడినచోట సరిచేయకుండా అలాగే ఉంచాను.

యాంకర్: సుజాన్ కాలిన్స్ రాసిన హంగర్ గేమ్స్ వరుసలో ఇది మూడోది, 2010లో వచ్చింది. నా ప్రశ్న ఒక్కటే. సినిమాకి సర్టిఫికెట్ ఉంది. పుస్తకం అట్ట మీద వయసు ఎందుకు వేయకూడదు? అమ్మా, మీరు చెప్పండి.

తల్లి: మా పాప ఎనిమిదో తరగతి. మొదటి రెండూ ఇష్టంగా చదివింది. ఇది చదివాక వారం రోజులు నా పక్కనే పడుకుంది. తీసేయమని నేను అనలేదండీ. ఇచ్చేముందు ఒక మాట...

రిటైర్డ్ తెలుగు మాస్టారు: ఏం మాట చెప్తారమ్మా? మొదటి పుస్తకంలోనే 24 మంది పిల్లలు, 12 నుంచి 18 ఏళ్ల వాళ్లు, ఒకళ్లు మిగిలేదాకా చంపుకోవాలి, అదే ఆట. అప్పుడు లేని భయం ఇప్పుడేంటి?

తల్లి: అక్కడ అక్క చెల్లెలి కోసం వెళ్తుంది. ఇక్కడ ఆ చెల్లెలే...

మాస్టారు: చనిపోతుంది! యుద్ధమంటే అదే. రచయిత్రి తండ్రి వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి.

యాంకర్: మాస్టారూ, అట్ట మీద వయసు...

మాస్టారు: వస్తున్నా. కారా మాస్టారి, అదే కాళీపట్నం రామారావు గారి కథ ‘యజ్ఞం’ 1966లో అచ్చయింది. కొడుకు అప్పులో బానిస కాకూడదని సీతారాముడు వాణ్ణి తన చేత్తోనే చంపేస్తాడు. ఆ ముగింపు మీద ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఎవరైనా తీసేశారా? తెలుగు కథల లైబ్రరీ, కథానిలయం ఉన్న ఊరండీ ఇది!

ఇంటర్ విద్యార్థిని: మాస్టారూ, ఒక్క నిమిషం. నన్ను ఏడిపించింది చావొక్కటే కాదు. ఆటల్లో పారాచూట్ వచ్చిందంటే తిండో మందో వచ్చినట్టు. ఇందులో కూడా దిగుతాయి, పిల్లలు చేతులు చాపుతారు, పేలిపోతాయి. వైద్యం చేసేవాళ్లు పరుగెత్తుకొచ్చాక మిగతావి పేలుతాయి. అలాంటి ఉచ్చు గురించి ముందే ఆలోచించింది కథానాయిక స్నేహితుడే. కథానాయిక పక్షంవాళ్లే చేశారేమో అన్న అనుమానం... ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

యాంకర్: చూశారా, అందుకే వయసు...

విద్యార్థిని: మర్నాడు మళ్లీ మొదటి నుంచి చదివాను సార్.

లైబ్రేరియన్: అమెరికాలో కూడా ఈ వరుస మీద గొడవైంది. ఎక్కువ అభ్యంతరాలొచ్చిన పుస్తకాలతో అక్కడి లైబ్రరీ సంఘం ఏటా వేసే జాబితాలో 2010లో ఐదో స్థానం, 2011లో మూడో స్థానం. నేనైతే పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు...

మాస్టారు: అమెరికా వదిలేయండి. ఇంట్లో ఫోన్‌లో పిల్లలేం చూస్తున్నారో అడగరు, పుస్తకం మీద పడతారు! ఎవరు అడ్డొచ్చినా నేను ఊరుకోను.

యాంకర్: ఫోన్‌లో కూడా వయసు అడుగుతారు కదా?

మాస్టారు: ఎవడు నిజం చెప్తాడు?

(ఫోన్ల మీద వాదన కొంతసేపు నడిచింది.)

తల్లి: నేను తీసేయమనలేదు. స్కూలే తీసేసింది.

(ఈ మాట ఆవిడ రెండోసారి అన్నారు, ఎవరూ అందుకోలేదు. ఆ రోజు అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉందని నాకనిపించింది.)

యాంకర్: సమయం అయిపోతోంది. అట్ట మీద వయసు వేయాలా, వద్దా? మాస్టారూ, చివరి మాట మీదే.

మాస్టారు: వద్దు. రేపే పుస్తకం బీరువాలో పెట్టాలి. మళ్లీ చెప్తున్నా, యజ్ఞం...

తల్లి: పెట్టండి, కానీ చదివాక పిల్ల అడిగితే ఎవరు జవాబు...

యాంకర్: ధన్యవాదాలు, నమస్కారం.