విదేశాల్లో కార్డు వాడేటప్పుడు రూపాయలా, అక్కడి కరెన్సీయా?

నమస్కారం. విదేశాల్లో కార్డుతో చెల్లించేటప్పుడు, ఏటీఎంలో నగదు తీసుకునేటప్పుడు అనవసరపు ఖర్చు ఎక్కడ పడుతుందో, దానిని ఎలా తప్పించుకోవాలో థాయిలాండ్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ వీడియోలో వివరిస్తాను.

మొదటి పని బయలుదేరే ముందే చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి జారీ అయ్యే కార్డులు మొదట మన దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల మిషన్లలో మాత్రమే పనిచేస్తాయి. కాబట్టి బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ వాడకాన్ని ఆన్ చేసి, ఏటీఎంకు, స్వైపింగ్‌కు, ఆన్‌లైన్‌కు విడివిడిగా పరిమితులు పెట్టుకోండి. ఓటీపీలు రావాలి కనుక మన సిమ్‌కు రోమింగ్ కూడా ఆన్‌లో ఉంచండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బ్యాంకాక్‌లో ఒక దుకాణంలో కార్డు పెట్టగానే, బిల్లు థాయ్ కరెన్సీ అయిన బాట్‌లలో కట్టాలా, రూపాయలలో కట్టాలా అని మిషన్ అడుగుతుంది. రూపాయలైతే లెక్క వెంటనే తెలుస్తుంది కదా అని చాలామంది అదే నొక్కుతారు. కానీ అప్పుడు మార్పిడి రేటును నిర్ణయించేది మీ కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ వంటివి) కాదు, ఆ దుకాణానికి మిషన్ ఇచ్చిన సంస్థ, అది తన లాభాన్ని ఆ రేటులోనే కలుపుకుంటుంది. పైగా కొన్ని బ్యాంకులు రూపాయలలో జరిగిన ఆ లావాదేవీపై కూడా రుసుము వేస్తాయి. అందువల్ల ఎప్పుడూ బాట్‌లనే ఎంచుకోండి. మిమ్మల్ని అడగకుండానే రూపాయలలో కొట్టేస్తే, సంతకం పెట్టకముందే బిల్లు రద్దు చేసి మళ్లీ కొట్టమనండి.

ఏటీఎంలో ఇదే ప్రశ్న ఇంకాస్త గడుసుగా వస్తుంది. రేటు చూపించి, ఒప్పుకుంటారా, నిరాకరిస్తారా అని అడుగుతుంది. నిరాకరిస్తే డబ్బు రాదేమోనని భయపడి ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. మీరు నిరాకరించేది మార్పిడి రేటును మాత్రమే. నగదు మామూలుగానే వస్తుంది, రేటు మీ కార్డు నెట్‌వర్క్‌ది పడుతుంది. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుపై ఒక్కోసారికి 220 బాట్‌లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ వసూలు చేస్తాయి. ఎంత తీసుకున్నా ఆ రుసుము అంతే కనుక, కొంచెం కొంచెంగా కాక ఒకేసారి తీసుకోవడం మేలు. క్రెడిట్ కార్డుతో మాత్రం నగదు తీయవద్దు. దానిపై వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.

బాట్‌లు ఎంచుకున్నా మన బ్యాంకు మార్కప్, అంటే విదేశీ ఖర్చుపై వేసే అదనపు రుసుము, ఉంటుంది. 3.5 శాతం మార్కప్ ఉన్న కార్డుపై 20,000 రూపాయల విలువైన ఖర్చుకు 700 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 126 రూపాయలు, మొత్తం 826 అదనం. మార్కప్ లేని కార్డుగానీ, ముందే విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డుగానీ తీసుకోవచ్చు. అయితే ఫారెక్స్ కార్డులో డాలర్లు నింపి బాట్‌లలో ఖర్చు పెడితే మళ్లీ మార్పిడి రుసుము పడుతుంది. మీ కార్డులో బాట్ ఉందో లేదో ముందే అడగండి. హోటల్ డిపాజిట్‌కు ఫారెక్స్ కార్డు ఇవ్వకపోవడమే మంచిది, ఎందుకంటే ఆపి ఉంచిన మొత్తం తిరిగి విడుదల కావడానికి రోజులు పట్టవచ్చు.

తిరిగి వచ్చాక అంతర్జాతీయ వాడకాన్ని ఆపేయండి. మిగిలిన విదేశీ నోట్లలో 2,000 డాలర్ల విలువ వరకు ఉంచుకోవచ్చు, అంతకు మించినవి 180 రోజులలోపు మార్చుకోవాలి. నాణేలను మనీ ఛేంజర్లు సాధారణంగా తీసుకోరు కాబట్టి, వాటిని బ్యాంకాక్ విమానాశ్రయంలోనే ఖర్చు చేసేయండి.