రెండు డిస్కులున్నంత మాత్రాన బ్యాకప్ అయినట్టు కాదు: ఇంటి నాస్ కొనుగోలుపై ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు, భూమి కాగితాల స్కానులు ఫోన్లలోనూ, ల్యాప్‌టాప్‌లోనూ, పెన్‌డ్రైవుల్లోనూ చెదిరి ఉన్నవాళ్లు, వాటన్నిటినీ ఇంట్లోనే ఒక చోట చేర్చుకోవడానికి మొదటిసారి నాస్, అంటే రౌటర్‌కు కలిపి ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీ అన్నీ వాడుకునే డిస్కుల పెట్టె, కొనాలనుకుంటే ఏం చూసుకోవాలన్నది ఈనాటి విషయం. నల్లగొండలో చాలా ఏళ్లుగా నెట్‌వర్కు పనులు చేస్తున్న నిపుణులు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ మిర్యాలగూడ నుంచి. చెప్పండి సార్.

శ్రోత (మిర్యాలగూడ): నమస్తే మేడమ్, నమస్తే సార్. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. స్కాన్ చేయించిన పాత ఫొటోలు, పిల్లల పెళ్లి వీడియోలు, మనవరాలి ఫొటోలు కలిపి ఒకటిన్నర టెరాబైట్ల దాకా ఉన్నాయి. అవన్నీ ఒకే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. దుకాణంలో రెండు డిస్కులు పట్టే నాస్ చూపించి, ఒకటి పోయినా రెండోదాంట్లో ఉంటుంది కాబట్టి ఇక బ్యాకప్ గురించి బెంగ అక్కర్లేదన్నారు. అది కొని, పాత డిస్కు మా అల్లుడికి ఇచ్చేద్దామనుకుంటున్నాను.

నిపుణుడు: సార్, ఆ పాత డిస్కును మాత్రం ఎవరికీ ఇవ్వకండి. రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారాన్ని ఒకేసారి రాసే పద్ధతిని రెయిడ్ 1 అంటారు. ఒక డిస్కు చెడిపోయిన రోజున పెట్టె ఆగిపోకుండా నడవడానికి, కొత్త డిస్కు తెచ్చి పెట్టేదాకా మన పని సాగడానికి అది పనికొస్తుంది. అంతకు మించి ఆశించకూడదు. మీరు పొరపాటున ఒక ఫోల్డరును చెరిపితే ఆ చెరపడం కూడా అదే క్షణంలో రెండు డిస్కుల్లోనూ జరుగుతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేసినా, పెట్టెను దొంగలు ఎత్తుకుపోయినా, పిడుగు పడి లోపలి బోర్డు కాలినా రెండు డిస్కులదీ ఒకటే గతి.

ఇది మా ఇంట్లోనే జరిగింది. కంప్యూటర్లో జాగా చేస్తూ, నేనే మా అమ్మ బతుకమ్మ పేరుస్తున్న ఫొటోల ఫోల్డరును నకలు అనుకొని నాస్‌లోంచి తీసేశాను. వారం తర్వాత తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. ఎదురుగా పెట్టె మీద రెండు డిస్కుల పచ్చ లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే డిస్కులకు ఏమీ కాలేదు, పోయింది ఫొటోలు. చెరిపిన వాటిని కొన్నాళ్లు దాచి ఉంచే రీసైకిల్ బిన్‌ను గాని, ఫైళ్ల పాత స్థితిని భద్రపరిచే స్నాప్‌షాట్లను గాని నేను ఆన్ చేసి పెట్టుకోలేదు. బీరువాలో విడిగా పెట్టిన డిస్కులో అంతకు మూడు వారాల ముందు నకలు తీసి ఉండబట్టి చాలావరకు దొరికాయి, ఆ మూడు వారాలవి మాత్రం దొరకలేదు.

శ్రోత (మిర్యాలగూడ): అయితే నాస్ కొనడమే వద్దంటారా సార్?

నిపుణుడు: కొనండి సార్, కానీ డబ్బును వేరే తీరుగా పంచుకోండి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, అందులో ఒకటి ఇంటి బయట. మీకు నాస్‌లోది ఒకటి, ఇప్పుడున్న డిస్కులో ఒకటి అవుతాయి. మూడోదానికి ఇంకో డిస్కు కొని వేరే ఊళ్లో ఉంచాలి. బడ్జెట్ సరిపోదనుకుంటే, రెండు డిస్కుల నాస్ కొని బ్యాకప్ మానేయడం కన్నా ఒక్క డిస్కు నాస్ కొని దానికి విడిగా నకలు పెట్టుకోవడమే నేను మేలంటాను. వాళ్లు అమ్మేది రెండు డిస్కుల పెట్టె కాబట్టి దుకాణంలో ఈ మాట సాధారణంగా చెప్పరు.

శ్రోత (మిర్యాలగూడ): మా పెద్దబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు.

నిపుణుడు: ఇంకేం కావాలి సార్. దసరాకు వచ్చినప్పుడు ఒక డిస్కు ఆయన వెంట పంపండి, ఉగాదికి వచ్చేటప్పుడు దాన్ని తెమ్మని కొత్తగా నకలు తీసిన రెండోదాన్ని పంపండి. డిస్కుకు పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్షన్ పెట్టి, అంటే పాస్‌వర్డు లేనిదే ఎవరూ చదవలేకుండా చేసి, ఆ పాస్‌వర్డును ఇద్దరూ కాగితం మీద రాసి దాచుకోండి. పరిమాణానికొస్తే, రెండు 4 టెరాబైట్ల డిస్కులను రెయిడ్ 1లో పెడితే వాడుకోవడానికి మిగిలేది 4 మాత్రమే. కంప్యూటర్ దాన్ని 3.6గా చూపిస్తుంది. లెక్కించే పద్ధతి వేరు కాబట్టి అలా కనిపిస్తుంది, దుకాణదారు చేసిన మోసం కాదది. కొనేటప్పుడు డిస్కు సీఎమ్‌ఆర్ రకమేనా, అంటే సమాచారపు గీతలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా విడివిడిగా ఉండేదేనా అని అడగండి. ఎస్‌ఎమ్‌ఆర్ రకంలో సమాచారపు గీతలు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఒకదానిపై ఒకటి కొంత ఎక్కి ఉంటాయి కాబట్టి ఒకటి మార్చాలంటే పక్కవాటినీ తిరిగి రాయాలి. అందుకే చెడిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి నింపేటప్పుడు అవి బాగా ఇబ్బంది పెడతాయి. కొన్ని వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో ఈ పద్ధతి ఉందని 2020లో బయటపడ్డాకే, సీఎమ్‌ఆర్ వాటిని రెడ్ ప్లస్ అనే పేరుతో విడిగా అమ్మడం మొదలైంది.

నిర్వాహకురాలు: తర్వాతి ఫోన్ దేవరకొండ నుంచి.

శ్రోత (దేవరకొండ): నమస్తే అన్నా. మాకు ముఖ్యంగా టీవీలో సినిమాలు, మా ఇంటి ఫంక్షన్ల 4కే వీడియోలు చూడాలని ఉంది. ఖరీదైన ప్రాసెసర్ ఉన్నదే తీసుకోవాలా?

నిపుణుడు: కొనకముందు ఒక పని చేయి తమ్ముడూ. ఆ వీడియోల్లో బరువైనదాన్ని పెన్‌డ్రైవులో వేసి నేరుగా టీవీకి పెట్టి చూడు. ఆగకుండా ఆడితే, ఆ ఫైలును అర్థం చేసుకునే శక్తి టీవీకే ఉన్నట్టు, నాస్ దాన్ని అందిస్తే చాలు, అందుకు చిన్న ప్రాసెసర్ చాలావరకు సరిపోతుంది. ఆడకపోతే నాస్ అప్పటికప్పుడు రూపం మార్చి పంపాలి, దాన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. అప్పుడు మాత్రం వీడియో రూపం మార్చడానికే ఉండే క్విక్ సింక్ అనే భాగం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది. జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పనిని ఉచితంగా చేస్తుంది.

ప్రాసెసర్ కన్నా ముందు రౌటర్ పోర్టు చూడు. నాస్‌ను వైఫైతో కాకుండా తీగతోనే కలపాలి. గిగాబిట్ పోర్టు ఉంటే సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది. ఇందాక మాట్లాడిన సార్ గారి ఒకటిన్నర టెరాబైట్లు నాలుగు గంటల్లో ఎక్కుతాయి. 100 మెగాబిట్ల పాత పోర్టయితే అవే ఎక్కడానికి ఒకటిన్నర రోజు దాటుతుంది.

నిర్వాహకురాలు: వనపర్తి నుంచి ఒక సోదరి వేచి ఉన్నారు.

శ్రోత (వనపర్తి): నమస్కారమండి. మేము నాస్ తీసుకొని నెల అయింది. ఎండాకాలం గాలివానలకు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అది చాలా?

నిపుణుడు: కొంతవరకు చాలునమ్మా. కానీ బ్యాటరీ అయిపోవస్తోందన్న సంగతి మామూలు ఇన్వర్టర్ నాస్‌కు చెప్పదు. యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ ఆ కబురు అందిస్తుంది, అప్పుడు రాస్తున్న ఫైలును పూర్తి చేసుకొని నాస్ తనంతట తానే పద్ధతిగా మూతపడుతుంది. సగం రాసిన దశలో కరెంటు పోతే ఫైళ్ల పట్టికే దెబ్బతినవచ్చు. 20 వాట్ల పెట్టె రాత్రీపగలూ నడిచినా నెలకు 14 యూనిట్ల పైచిలుకే అవుతుంది. ఇంటర్నెట్ మీకు ఫైబర్‌తో వస్తుందా, స్తంభాల మీదుగా లాగిన రాగి కేబుల్‌తోనా?

శ్రోత (వనపర్తి): నల్ల కేబులే వస్తుందండి, లోపల చిన్న చిన్న తీగలు ఉంటాయి.

నిపుణుడు: అయితే మబ్బు కమ్మగానే, ఉరుములు మొదలవకముందే నాస్‌ను పద్ధతిగా ఆపి, కరెంటు ప్లగ్గుతో పాటు ఆ కేబుల్‌నూ రౌటర్‌లోంచి తీసేయండి, పిడుగు దెబ్బ ఆ దారిన కూడా వస్తుంది. పెట్టెను ఎక్కడ పెట్టారు?

శ్రోత (వనపర్తి): టీవీ కింద అద్దాల అరలో పెట్టామండి. దుమ్ము పడకుండా తలుపు వేసే ఉంచుతాము.

నిపుణుడు: ఆ తలుపు ఈ రోజే తీసేయండమ్మా. మన వైపు మే నెల ఎండకు గదిలోనే నలభై డిగ్రీలు ఉంటే, మూసిన అరలో డిస్కుల వేడి బయటకు పోయే దారే ఉండదు. సెట్టింగుల్లో డిస్కు ఉష్ణోగ్రత కనిపిస్తుంది, 50 దాటితే ఫోనుకు కబురు వచ్చేలా పెట్టుకోండి. దుమ్మును నెలకోసారి మెత్తటి బ్రష్షుతో తుడిస్తే సరిపోతుంది. ఇంకొకటి, ఊళ్లో లేనప్పుడు చూడటానికి రౌటర్ సెట్టింగుల్లో పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా నాస్‌కు వచ్చే దారి, తెరిచారా?

శ్రోత (వనపర్తి): బిగించిన అబ్బాయి ఏదో తెరిచానన్నాడండి.

నిపుణుడు: దాన్ని మూయించండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దాడి అలా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న నాస్‌లనే వెతికి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బయటి నుంచి చూడాలంటే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్, అంటే మీ పరికరాలకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి, పెట్టించుకోండి. విడిగా నకలు తీస్తున్నారా?

శ్రోత (వనపర్తి): ప్రతి ఆదివారం దానంతట అదే ఒక డిస్కులోకి వెళ్లేలా పెట్టారండి. ఎప్పుడూ తెరిచి చూడలేదు.

నిపుణుడు: ఈ ఆదివారం నకలు పూర్తయ్యాక ఆ డిస్కును తీసి, నాస్‌తో సంబంధం లేకుండా ల్యాప్‌టాప్‌కు పెట్టి, పాతవి రెండు, కొత్తవి రెండు ఫొటోలు తెరిచి చూడండమ్మా. తెరుచుకోకపోతే, అసలు ప్రతులు నాస్‌లో ఉండగానే సరిచేసుకోవచ్చు.