చలికాలంలో కోడికి పొడి మట్టి కావాలి

వేదిక మీది పెద్దలకు, సంఘం అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా పలకరించాలి, కానీ ఎండ తగ్గేలోపు మీకు ఒక పని చేసి చూపించాలి. అందుకని మన్నించండి.

ఈరోజు మీకు వనరాజ కోడిపిల్లల్ని పంచుతున్నారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. టీకాలు, దాణా గురించి డాక్టరుగారు చెప్పేశారు. నన్ను చలికాలం జాగ్రత్తలు చెప్పమన్నారు. గూటికి గోనెపట్టాలు కట్టండి, కింద పొట్టు మందంగా వేయండి. ఇవి మీకు తెలిసినవే. పశువుల ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ ఏ కరపత్రంలోనూ నాకు కనపడని మాట ఒకటుంది, అది చెప్పడానికే వచ్చాను. కోడికి పొర్లడానికి పొడి మట్టి కావాలి. ఎండాకాలం దానికదే వెతుక్కుంటుంది. చలికాలంలో మనం ఇవ్వాలి.

ఎందుకో చెబుతాను. కోడి తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. పాతబడిన నూనె జిడ్డుగా మారి ఈకలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మట్టిలో పొర్లినప్పుడు ఆ జిడ్డు మట్టికి అంటి, ఒళ్లు దులుపుకోగానే రాలిపోతుంది. ఈకలు మళ్లీ విడివిడిగా లేస్తాయి. ఆ ఈకల మధ్య నిలిచే గాలే కోడికి చలి ఆపేది. మన ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. ఈక జిడ్డు కట్టిన పెట్ట ఆ చలికి తిన్న తిండంతా ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే ఖర్చు పెడుతుంది. చలికాలంలో గుడ్లు తగ్గడానికి పగలు చిన్నదవడం పెద్ద కారణం, దాన్ని మట్టి మార్చలేదు. కానీ ఉన్న బలాన్ని నిలబెడుతుంది.

ఇంకొకటి పేలు, పురుగులు. అవి ముదరకుండా ఆపేదీ ఈ మట్టే. ఒంటి మీదే ఉండి నెత్తురు తాగే సన్న పురుగుల్లో చలికి బాగా పెరిగే రకం కూడా ఉంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మన పక్క మండలంలో ఒక అక్క పెట్టలు ఇలాగే చలికాలంలో చిక్కిపోయాయి. తురాయిలు పాలిపోయాయి, రాత్రిళ్లు గూట్లోకి పోనంటున్నాయి. ఆమె మందుల దుకాణానికి వెళ్లి అడిగింది. పశువుల మందుల దుకాణం కాదు, పురుగుమందుల దుకాణం. అతను పత్తికి కొట్టే మందు చేతిలో పెట్టి, నీళ్లలో కలిపి కోళ్లను ముంచమన్నాడు. ఆ చలిలో, ఆ మందులో ముంచింది. తెల్లారేసరికి సగం కోళ్లు పోయాయి. మిగిలినవి పెట్టిన గుడ్లు పిల్లలకు పెట్టాలా వద్దా అని నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. వద్దమ్మా, పారేయమన్నాను. ఆ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. ఆమె మళ్లీ కోళ్లు పెంచలేదు.

అక్కలారా, ఒక్కసారి ఇటు వినండి. వెనక కూర్చున్నవాళ్లు కూడా. పత్తి మందు కోడికి కొట్టకండి. పొడి మందు తెచ్చి మట్టిలో కలపకండి. పేలు పోతాయని చలికాలంలో కోడికి నీళ్ల స్నానం చేయించకండి. పురుగు బాగా పట్టేస్తే మట్టి ఒక్కటే సరిపోదు, అప్పుడు డాక్టరుగారిని అడగండి. కానీ అంతదాకా రాకుండా ఆపేది ఈ మట్టే.

వెనకటికి ఇది ఎవరూ చెప్పాల్సిన పని కాదు. కట్టెల పొయ్యి ఉండేది, బూడిద పెరట్లో పోసేవాళ్లు, కోళ్లు అందులో పడి పొర్లేవి. గ్యాస్ వచ్చింది, మన ఆడవాళ్ల కళ్లకు పొగ తప్పింది, మంచిదే. కానీ పెరడు కూడా సిమెంటు చేసేశాం. గోడ నుంచి గోడ దాకా! సిమెంటు లేని చోట నల్లరేగడి. మంచుకు తడిసి ముద్దవుతుంది, ఎండితే రాయిలాంటి గడ్డ. కోడి ఎక్కడ పొర్లాలి? సర్పంచ్‌గారూ, కాలనీలో సిమెంటు పరిచేటప్పుడు ఇంటికి ఒక మంచమంత జాగా మట్టిగా వదిలించండి. మీరు తలచుకుంటే అవుతుంది.

తీగల బోన్లలో పెంచే పెట్టల్ని చూశారా? కింద రవ్వంత మట్టి ఉండదు. అయినా ఆ తీగల మీదే పడుకుని, రెక్కలు కొట్టుకుంటూ, లేని దుమ్మును ఒంటి మీద చల్లుకుంటాయి. అది చూసి నాకు చాలా బాధ కలిగింది. ఐరోపా యూనియన్ 2012 నుంచి పాతరకం బోన్లు నిషేధించి, కోడి కాళ్లతో గీరడానికి పొడిపొడిగా ఉండే పదార్థం ఉండాలని చట్టంలో పెట్టింది. మన దగ్గర సంక్రాంతి పందెం పుంజుకు బాదంపప్పులు పెడతారు. ఏడాది పొడుగునా గుడ్లు పెట్టి ఇల్లు నడిపే పెట్టకు తట్టెడు మట్టి పోయలేమా?

ఇక పని. పాత లారీ టైరు గానీ, పగిలిన టబ్బు గానీ చాలు. కోడి రెక్క చాపి తిరిగేంత వెడల్పు, జానెడు లోతు ఉండాలి. మధ్యాహ్నం ఎండ తగిలే గోడ పక్కన, పైన రేకు ఉన్నచోట పెట్టండి. ఎక్కువగా ఆ వేళకే పొర్లుతాయి. వాగు ఇసుక రెండు పాళ్లు, జల్లెడ పట్టిన ఎర్రమట్టి రెండు పాళ్లు, కట్టెల బూడిద ఒక పాలు. బూడిద పూర్తిగా చల్లారాలి. ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క కాల్చిన బూడిద వద్దు. తడి బూడిద కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి తడిస్తే పారబోసి కొత్తది పోయండి. సున్నం అసలు వద్దు. మంచు పడకుండా రాత్రి పట్టా కప్పండి, పొద్దున రెట్టలు ఏరేయండి. వచ్చే ఏడాదికి మట్టి వానలకు ముందే సంచుల్లో ఎత్తిపెట్టుకోండి. ఇప్పుడు లేనివాళ్లు డాబా మీద ఆరబెట్టుకోవచ్చు.

టైరు, ఇసుక ఆ వేపచెట్టు దగ్గర పెట్టించాను. భోజనాలకు ముందే కలిపి చూపిస్తాను. పెట్టల్ని వెంట తెచ్చినవాళ్లు ముందుకు రండి, తోక కింద ఈకలు తీసి పేలు ఎక్కడ గుడ్లు పెడతాయో ఒక్కొక్కరికీ చూపిస్తాను.