శివారు రైతు అడిగే లెక్క

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు ఇంటర్నెట్ పాలన గురించి, అంటే ఇంటర్నెట్‌ను ఎవరు, ఏ నియమాలతో నడపాలన్న సంగతి గురించి మాట్లాడాలి. ఆ పేరు వినగానే మనకెందుకులే అనిపించడం సహజం. అందుకే ముందు మా ఊరి కాలువ సంగతి చెబుతాను.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో, రేపల్లె వైపు శివారు పల్లె. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో చదివాక ఎన్నాళ్ళకో గానీ మా తూముకి నీరందేది కాదు. 1997 చట్టంతో సాగునీటి సంఘాలొచ్చాయి. రైతులు ఎన్నుకున్నవాళ్ళే కాలువ పనులు చూసుకోవడం మొదలైంది. మా పెదనాన్న ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు. ముందు పేజీల్లో పాల లెక్క, వెనక నుంచి నీళ్ళ లెక్క. ఎగువన షట్టరు ఏ తారీకున ఎత్తారు, మా తూముకి ఎప్పుడొచ్చాయి, ఎన్ని గంటలు పారాయి, అంతా పెన్సిలుతో రాసేవారు. ఒకసారి సంఘం మీటింగులో లేచి, పూడికతీతకు అయిన ఖర్చు బిల్లులు చూపించమన్నారు. అధ్యక్షుడికి కోపం వచ్చింది. "నువ్వెప్పుడూ తప్పులే వెతుకుతావు పెద్దాయనా. ఇట్టా గొడవ చేస్తే సంఘాన్నే తీసేసి మళ్ళీ ఆఫీసర్ల చేతిలో పెడతారు" అన్నాడు. "నిన్ను దొంగ అనలేదు బాబూ, లెక్క అడిగాను" అని పెదనాన్న కూర్చున్నారు.

ఇంటర్నెట్‌ను నడిపే సంస్థను గట్టిగా విమర్శిస్తే దానికి మేలా, కీడా అని పాతికేళ్ళుగా సాగుతున్న వాదులాట నాకు ఈ మీటింగునే గుర్తుచేస్తుంది.

మనం ఫోన్లో ఒక వెబ్‌సైట్ పేరు కొడితే అది సరైన చోటికి చేరాలంటే ప్రపంచమంతటికీ ఒకే పేర్ల చిట్టా ఉండాలి. డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్, మన తెలుగు లిపిలో రాసుకునే డాట్ భారత్, వీటిలో ఏది ఎవరి నిర్వహణలో ఉందో అందులో ఉంటుంది. ఆ చిట్టాను చాలాకాలం ప్రధానంగా జాన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూసుకునేవారు. 1998లో ఆ బాధ్యత కోసం కాలిఫోర్నియాలో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. కొద్ది వారాలకే పోస్టెల్ కన్నుమూశారు.

2000లో ఐకాన్ ఒక మంచి పని చేసింది. మామూలు ఇంటర్నెట్ వాడకందారుల చేత ఓట్లు వేయించి, ఖండానికొకరు చొప్పున ఐదుగురు డైరెక్టర్లను ఎన్నుకోనిచ్చింది. ఉత్తర అమెరికా నుంచి గెలిచిన కార్ల్ అవర్‌బాక్ సంస్థ పద్దులు చూస్తానన్నారు. ఫలానా షరతులకు ఒప్పుకుంటేనే చూపిస్తామని సంస్థ వాళ్ళన్నారు. ఆలోచించండి, ఆయన బయటివాడు కాదు, బోర్డులో సభ్యుడు. చివరికి 2002లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ ఏడాది జూలైలో తీర్పు ఆయన వైపే వచ్చింది. కానీ అదే ఏడాది సంస్థ తన నిర్మాణం మార్చుకుంది, డైరెక్టర్లను వాడకందారులు నేరుగా ఎన్నుకునే పద్ధతి పోయింది. లెక్క అడిగినవాడు గెలిచాడు, అడిగే కుర్చీ మాయమైంది. ఇన్నేళ్ళైనా ఈ సంగతి నాకు మింగుడుపడదు.

విమర్శ వద్దనేవాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. ఐకాన్‌ను మరీ బలహీనపరిస్తే ఇంటర్నెట్ ప్రభుత్వాల చేతికి పోతుందని వాళ్ళ భయం. భయం ఊరికే పుట్టలేదు. 2011లో మన దేశమే ఇంటర్నెట్ వ్యవహారాలు చూడటానికి ఐక్యరాజ్యసమితిలో యాభై దేశాల కమిటీ ఒకటి పెట్టాలని ప్రతిపాదించింది, తర్వాత ఆ మాట మీద నిలబడలేదు. పనిచేసే ఉద్యోగుల మీద వ్యక్తిగతంగా బురదజల్లే వాళ్ళూ ఉన్నారు, అది తప్పే. అయితే మాట కరుకుగా ఉందని ప్రశ్నను పక్కన పెట్టేస్తే, మెత్తగా అడగడం చేతకాని శివారు రైతుకి నీళ్ళే రావు.

2016 అక్టోబరు 1 నాటికి అమెరికా ప్రభుత్వం ఈ చిట్టా మీద అప్పటిదాకా తనకున్న పర్యవేక్షణ వదులుకుంది. దానికి బదులుగా, అవసరమైతే డైరెక్టర్లను తొలగించే, బడ్జెట్‌ను తిరస్కరించే హక్కులు ఐకాన్‌లో పాలుపంచుకునే వర్గాలకు దక్కాయి. ఆ మార్పు తర్వాత ఐకాన్ మొదటి సమావేశం ఎక్కడో కాదు, నవంబరులో హైదరాబాద్‌లోనే జరిగింది.

ఆ హక్కులు కాగితం మీద బాగున్నాయి. 2019లో ఏం జరిగిందో చూడండి. సేవాసంస్థలు, ట్రస్టులు ఎక్కువగా వాడే డాట్ ఆర్గ్ పేర్ల ధర మీద ఉన్న పరిమితి ఎత్తేస్తామని ఐకాన్ చెప్పి, ప్రజల అభిప్రాయం అడిగింది. మూడు వేలకు పైగా వచ్చాయి, దాదాపు అన్నీ వద్దనే. అయినా ఎత్తేశారు. మనలాంటి చోట్ల చిన్న అనాథాశ్రమం, రక్తదాన సంఘం, పూర్వవిద్యార్థుల ట్రస్టు ఏడాదికోసారి ఆ పేరు కోసం డబ్బు కడతాయి. ధర పెరిగితే భరించేది వాళ్ళు. అడగడం ఎందుకు, విననప్పుడు? కొన్ని నెలలకే డాట్ ఆర్గ్‌ను నడిపే సంస్థను నూటపదమూడున్నర కోట్ల డాలర్లకు ఒక ప్రైవేటు పెట్టుబడి కంపెనీకి అమ్ముతున్నట్టు ప్రకటన వచ్చింది. ఈసారి ప్రపంచం నలుమూలల నుంచీ సేవాసంస్థలు గట్టిగా లేచాయి. లాస్ ఏంజెలిస్‌లో ఐకాన్ ఆఫీసు ముందు నిలబడి నిరసన తెలిపారు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ కూడా వద్దని ఉత్తరం రాశారు. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. ధరల నిర్ణయం విషయంలో ఐకాన్ పారదర్శకత నియమాలు పాటించలేదని 2022లో స్వతంత్ర సమీక్ష ప్యానెల్ కూడా తేల్చింది.

ఆ రోజు అరిచినవాళ్ళని సంస్థకు శత్రువులంటారా? నేను అనను. వాళ్ళు అరవకపోతే ఆ అమ్మకం ఆగేదని నాకు నమ్మకం లేదు.

నా బాధ ఇంకొకటి. ఈ అభిప్రాయ సేకరణ ఎక్కువగా ఇంగ్లీషులో, న్యాయవాదుల భాషలో సాగుతుంది. సమావేశాలకు విమానమెక్కి వెళ్ళగలిగినవాళ్ళ గొంతే వినబడుతుంది. తెనాలిలో ట్రస్టు నడిపే టీచరుకి తన డాట్ ఆర్గ్ గురించి ఎవరో ఎక్కడో అడుగుతున్నారన్న సంగతే చేరదు. కాలువ చివర ఉన్నవాడికి నీళ్ళొదిలిన కబురు కూడా అందనట్టే.

మా పెదనాన్న కథ ముగించలేదు కదా. రెండో మీటింగుకి అధ్యక్షుడు బిల్లుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెదనాన్న కళ్ళజోడు తుడుచుకుని, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, సాయంత్రం దాకా ఒక్కొక్కటీ చూశారు. రెండు చోట్ల తేడా కనిపించింది, అక్కడికక్కడే సరిదిద్దారు. అధ్యక్షుడు డబ్బు తినలేదని ఊరందరికీ తెలిసింది కూడా ఆ సాయంత్రమే.

నమస్కారం.