ట్యూన్ చేసిన డీజిల్ ఇంజిన్: బ్లో-బై గ్యాసు, క్యాచ్ క్యాన్

[తెరపై: ఊడదీసిన ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్. లోపల వేలు పెట్టి తీస్తే నల్లటి జిడ్డు.]

ఈ హోస్‌లో ఉండాల్సింది గాలి ఒక్కటే. మరి ఈ ఆయిల్ ఎక్కడిది? చాలామంది వెంటనే టర్బో సీలు పోయిందనేస్తారు. టర్బో మీద చెయ్యి వేసే ముందు, దానికి ముందుండే గాలి పైపు విప్పండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే పైపు అది. క్రాంక్‌కేస్, అంటే క్రాంక్ తిరిగే ఇంజిన్ కింది గది, అందులోని గ్యాసుని బయటికి తెచ్చేది బ్రీదర్ పైపు. అది వచ్చి కలిసే చోటు నుంచే తడి మొదలైతే, ఆ ఆయిల్‌లో కొంతైనా క్రాంక్‌కేస్ నుంచి వస్తున్నట్టే.

[తెరపై: సిలిండర్ అడ్డకోత బొమ్మ. రింగుల పక్కనుంచి కిందికి బాణాలు.]

పిస్టన్ రింగులు గ్యాసుని నూటికి నూరుపాళ్లూ ఆపలేవు. మండిన గ్యాసులో కొంత రింగుల పక్కనుంచి క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. దాన్నే బ్లో-బై అంటాం. కొత్త ఇంజిన్‌లోనూ ఉంటుంది. టర్బో షాఫ్ట్ సీళ్ల దగ్గర లీకయ్యే గాలి కూడా ఆయిల్ రిటర్న్ పైపు గుండా ఇక్కడికే చేరుతుంది. లోపల క్రాంక్ తిరుగుతూ చిమ్మే ఆయిల్ తుంపర ఈ గ్యాసులో కలిసి, బ్రీదర్ గుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకి పోతుంది.

ఎంత గ్యాసో ఒక లెక్క వేద్దాం. 2.5 లీటర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్ దగ్గర, బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి పీడనం) లేకుండా, నిమిషానికి సుమారు 3750 లీటర్ల గాలి పీలుస్తుంది. 1 బార్ బూస్ట్ ఇస్తే దాదాపు రెట్టింపు. అందులో ఒక్క శాతం తప్పించుకున్నా నిమిషానికి 70 లీటర్ల పైమాటే. రీమ్యాప్ చేసి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి, బూస్టూ డీజిలూ పెంచితే సిలిండర్‌లో పీడనం పెరుగుతుంది, ఇదీ పెరుగుతుంది.

ఎక్కువ పవర్ కోసం కట్టిన ఇంజిన్లలో ఇంకో సంగతి ఉంది. వేడికి రింగు సాగి దాని రెండు కొనలూ ఒకదానికొకటి తగిలితే సిలిండర్ గీసుకుపోతుంది, పిస్టన్ గాడి విరిగిపోతుంది కూడా. అందుకే కావాలనే రింగ్ గ్యాప్ (ఆ కొనల మధ్య ఖాళీ) కాస్త ఎక్కువ ఉంచుతారు. అలాంటి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగలా గ్యాసు వదిలితే కంగారుపడొద్దు. పూర్తిగా వేడెక్కాకే చూసి తేల్చండి.

[తెరపై: మసి పేరుకున్న ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్.]

ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాసులో కొంత మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు) తెచ్చే పొడి మసికి ఈ ఆయిల్ తోడైతే తారులాంటి పొర కడుతుంది. దారి సన్నబడుతుంది, బూస్ట్ సెన్సర్ తప్పు రీడింగు ఇస్తుంది, ఇంటర్‌కూలర్ లోపల జిడ్డు పట్టి గాలి సరిగా చల్లబడదు.

[తెరపై: రెండు క్యాన్లు, మూతలు తీసి. ఒకటి ఖాళీ డబ్బా. రెండోదానిలో ఫిల్టర్.]

బ్రీదర్ దారిలో పెట్టి, గ్యాసుతో వచ్చే ఆయిల్‌ని పట్టే డబ్బానే క్యాచ్ క్యాన్ అంటాం. ఎడమ పక్కది పేరుకే క్యాచ్ క్యాన్. ఆయిల్ తుంపరలో చాలా భాగం మైక్రాన్ అంత సన్నటి చుక్కలు. అవి గాలితో పాటే తిరిగి బయటికి పోతాయి, డబ్బా గోడకి తగలవు. కుడి పక్కదానిలో పీచు ఫిల్టర్ ఉంది. చిన్న చుక్కలు పీచుకి అంటుకుని, ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి కిందికి జారతాయి. కొంటే ఇలాంటిదే కొనండి. ఫిల్టర్ మూసుకుపోయినా గ్యాసుకి దారి ఇచ్చే రిలీఫ్ వాల్వ్ తప్పకుండా ఉండాలి. ఖాళీ డబ్బాలో గిన్నెలు తోమే స్టీల్ పీచు కూరే అలవాటు ఒకటుంది, దయచేసి ఆ పని చేయొద్దు. తెగిన పోగు నేరుగా టర్బో రెక్కల మీదికి వెళ్తుంది.

[తెరపై: క్యాన్ బిగింపు.]

క్యాన్‌ని ఎగ్జాస్ట్‌కీ టర్బోకీ దూరంగా, చల్లటి చోట, గట్టి బ్రాకెట్‌తో బాడీకి బిగించండి. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి హోస్‌లో కాస్త వదులు ఉంచాలి, కానీ ఎక్కడా కిందికి వేలాడకూడదు. వేలాడిన చోట ఆయిలూ నీళ్లూ నిలిచి దారి మూసేస్తాయి. హోస్ లోపలి వ్యాసం ఇంజిన్ బ్రీదర్ కంటే తగ్గకూడదు. 19 మిల్లీమీటర్ల బ్రీదర్‌కి 12 మిల్లీమీటర్ల పైపు అడాప్టర్‌తో తగిలించడం చాలా బళ్లలో కనిపిస్తుంది. ఇంజిన్ ఊపిరి అక్కడే ఆగుతుంది.

హోస్ రకం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. రేడియేటర్ నీళ్ల కోసం చేసిన ఈపీడీఎమ్ రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు సిలికాన్ హోస్ నుంచి ఆయిల్ బయటికి చెమర్చుతుంది. ఆయిల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బరు, లేదా లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్న హోస్ వాడండి.

క్యాన్ నుంచి వచ్చే గ్యాసుని మళ్లీ టర్బోకి ముందున్న పైపులోనే కలపండి. బయటికి వదిలేయడం చాలా దేశాల్లో ఉద్గార నిబంధనలకి విరుద్ధం. క్యాబిన్‌లోకి వాసన వస్తుంది. క్రాంక్‌కేస్‌ని ఖాళీ చేయడానికి టర్బో ఇచ్చే పీల్పు కూడా పోతుంది.

[తెరపై: చెక్క మీద యూ ఆకారంలో వంచిన పారదర్శక గొట్టం, అందులో రంగు నీళ్లు, పక్కన స్కేలు.]

క్యాన్ ఇంజిన్‌కి అడ్డుపడుతోందో లేదో ఇది చెబుతుంది. రెండు మీటర్ల పారదర్శక గొట్టం చాలు. నీటి మట్టానికి పైన రెండు పక్కలా కనీసం 300 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి, లేకపోతే పీల్పుకి నీళ్లు ఇంజిన్‌లోకి పోవచ్చు. ఇంజిన్ ఆపి ఉండగానే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి, అది ఉండే పైపుకి ఈ గొట్టం ఒక కొనని గాలి పోకుండా తగిలించండి. వేడి ఇంజిన్‌ని ముందు ఐడిల్‌లో, తర్వాత 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నడపండి. రెండు మట్టాల మధ్య 100 మిల్లీమీటర్ల తేడా అంటే సుమారు 10 మిల్లీబార్. క్యాన్ లేకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి కొలవండి. నిలిపిన బండిలోనే 20, 30 మిల్లీమీటర్లు పెరిగిందంటే ఆ క్యాన్ గానీ హోస్ గానీ చిన్నది. లోడ్ మీద ఇంకా పెరుగుతుంది.

పీడనం నిలిచిపోతే ముందు టర్బో ఆయిల్ రిటర్న్ దెబ్బతింటుంది. అది పంపుతో కాదు, తన బరువుతో కిందికి దిగే ఆయిల్. కింద పీడనం ఉంటే దిగదు, సీళ్ల పక్కనుంచి బయటపడుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. బాగున్న టర్బోని మార్చేది ఇలాంటప్పుడే. ఆ తర్వాత వెనక మెయిన్ ఆయిల్ సీల్ కారడం, డిప్‌స్టిక్ పైకి లేవడం.

[తెరపై: క్యాన్ కింది కుళాయి నుంచి గాజు సీసాలోకి ఆయిల్.]

మొదటి 1000 కిలోమీటర్లకి ఒకసారి తీసి కొలవండి. మీ ఇంజిన్ లెక్క తెలిశాక గడువు పెంచుకోవచ్చు. చలికాలంలో పాలు కలిపిన టీ రంగులో వస్తే అది ఎక్కువగా గ్యాసులోని నీటి ఆవిరి. కూలెంట్ తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించనక్కర్లేదు. గడ్డకట్టే చలి ఉన్నచోట ఈ నీళ్లే హోస్‌ని మూసేస్తాయి, అక్కడ తరచుగా తీయాలి. తీసిన ఆయిల్‌లో నీళ్లూ డీజిలూ ఆమ్లాలూ ఉంటాయి, తిరిగి ఇంజిన్‌లో పోయకండి.

సంప్‌లో (ఇంజిన్ అడుగు ఆయిల్ తొట్టిలో) ఆయిల్ గరిష్ఠ గీత దాటలేదని చూసుకోండి. అది సరిగ్గానే ఉండి, అంతే దూరానికి ఆయిల్ ఉన్నట్టుండి రెట్టింపు వస్తే క్యాన్‌ది తప్పు కాదు. సిలిండర్ పీడనాన్ని ఎంత పట్టి ఉంచుతోందో చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయించండి. క్యాన్ బ్లో-బైని తగ్గించదు, దానితో వచ్చే ఆయిల్‌ని పడుతుంది, అంతే.

[తెరపై: నిండిపోయిన క్యాన్, లెవెల్ గొట్టం పైదాకా.]

ఈ స్థితిలో బండి తీయకండి. నిండిన క్యాన్ నుంచి ఆయిల్ ఒక్కసారిగా ఇన్‌టేక్‌లోకి పోతే డీజిల్ ఇంజిన్ దాన్నే మండించుకుని తనంతట తాను వేగం అందుకుంటుంది. తాళం తిప్పినా ఆగదు, ఎందుకంటే అప్పుడు అది ఇంజెక్టర్ల మీద నడవడం లేదు. మాన్యువల్ గేర్ బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలి ఆపేయాలి. ఆటోమేటిక్ అయితే, దగ్గరికి వెళ్లడం క్షేమమనిపిస్తేనే, ఇన్‌టేక్ మూతిని గట్టి చెక్కతో మూయాలి. చెయ్యి గానీ గుడ్డ గానీ అడ్డుపెట్టకూడదు, లోపలికి లాగేస్తుంది.