ఒక్క జడ్జితో మొదలైన 'మదర్ కోర్ట్'

[తెర మీద: న్యూయార్క్, మన్‌హాటన్‌లోని ఫోలీ స్క్వేర్. కోర్టు మెట్లు, రాతి స్తంభాలు.]

అందరికీ నమస్కారం. అమెరికా సుప్రీంకోర్టు తొలిసారి సమావేశమైంది 1790లో. అంతకంటే ముందే, 1789 నవంబర్ 3న, న్యూయార్క్‌లో ఒక ఫెడరల్ (కేంద్ర స్థాయి) ట్రయల్ కోర్టు పని మొదలుపెట్టింది. జడ్జి ఒకే ఒక్కరు, జేమ్స్ డ్యుయేన్. నియమించింది జార్జ్ వాషింగ్టన్. 1814లో ఆ కోర్టు పరిధిలోని న్యూయార్క్ జిల్లాను రెండుగా విడదీశారు. దక్షిణ భాగానికి వచ్చిన పేరే సదరన్ డిస్ట్రిక్ట్. లాయర్లు దీన్ని 'మదర్ కోర్ట్' అంటారు. ఇప్పుడు ఇక్కడ 28 జడ్జి పదవులున్నాయి.

మన జిల్లా కోర్టులాగే సాక్షుల్ని మొదట వినేది ఇక్కడే. కాకపోతే ఈ జడ్జిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఆమోదించాలి. మన హైకోర్టు జడ్జిలకు 62 ఏళ్లకు రిటైర్మెంట్. వీళ్లకు వయసు పరిమితే లేదు. పెట్టినవాళ్లకు లొంగకుండా ఉండాలనే ఈ ఏర్పాటు.

[తెర మీద: 1971 నాటి వార్తాపత్రికలు.]

అది పనిచేస్తుందా? జడ్జి ముర్రే గర్ఫైన్ సంగతి చూడండి. నిక్సన్ నియమించిన కొత్త జడ్జి. వచ్చీ రాగానే, వియత్నాం యుద్ధ రహస్య పత్రాల్ని న్యూయార్క్ టైమ్స్ అచ్చు వేయకుండా ఆపమని నిక్సన్ ప్రభుత్వమే ఆయన ముందుకొచ్చింది. కొద్ది రోజులు ఆపారు. రెండు వైపులా విన్నాక, ఇక ఆపేది లేదన్నారు. 1971 జూన్ 30న సుప్రీంకోర్టు కూడా 6-3తో పత్రిక పక్షానే నిలిచింది.

[తెర మీద: కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఫొటో. కాసేపు అలాగే ఉంచాలి.]

నేను ఈ వీడియో చేసిందే ఈమె కోసం. ఈ కోర్టులో మొదటి మహిళా జడ్జి. దేశం మొత్తం మీద ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి మహిళ కూడా. అది 1966. అంటే 177 ఏళ్లు ఆ కుర్చీల్లో మగవాళ్లే. అంతకుముందు లాయర్‌గా సుప్రీంకోర్టులో 10 కేసులు వాదించి 9 గెలిచారామె. అయినా మిసిసిపీ సెనేటర్ ఒకరు ఆమె నియామకాన్ని నెలల తరబడి నానబెట్టారు.

1975లో ఒక పెద్ద లా ఫర్మ్ మీద ఆడవాళ్ల పట్ల వివక్ష కేసు ఆమె ముందుకొచ్చింది. "మీరు మహిళ, పైగా వివక్ష కేసులు వాదించినవారు, తప్పుకోండి" అన్నది ఫర్మ్ తరఫు వాదన. మోట్లీ కదల్లేదు. జాతి, లింగం చూసి జడ్జిని తప్పించాలంటే ఈ కోర్టులో ఏ జడ్జీ ఈ కేసు వినలేరన్నారు. నిజమే కదా, మగ జడ్జి కూడా మగవాడే! ఈ మాట చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1982లో ఆమె అక్కడే చీఫ్ జడ్జి అయ్యారు. 1992లో, తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన సోనియా సోటోమయోర్, 2023లో దక్షిణాసియా మూలాలున్న మొదటి జడ్జిగా అరుణ్ సుబ్రమణియన్ ఈ కోర్టుకొచ్చారు.

[తెర మీద: మళ్లీ ఫోలీ స్క్వేర్. ద్వారం మీది పేరు దగ్గరగా.]

మోట్లీ 2005లో చనిపోయేదాకా ఈ కోర్టు జడ్జిగానే ఉన్నారు. ఈ భవనానికి ఇప్పుడు సుప్రీంకోర్టు తొలి నల్లజాతి జడ్జి థర్‌గుడ్ మార్షల్ పేరు పెట్టారు. లా చదివే రోజుల్లో మోట్లీని పనిలోకి తీసుకున్నది ఆయనే.