అలుగుకు చుట్టాలెవరు?

శ్రోతలకు నమస్కారం.

నల్లమల వైపు ఊళ్లలో పెద్దవాళ్లను కదిలిస్తే అలుగు గురించి చెబుతారు. ఒళ్లంతా గట్టి పొలుసులు, బారెడు తోక, నోట్లో ఒక్క పన్నూ ఉండదు. పగలు బొరియలో పడుకుని, చీకటి పడ్డాక బయటికొచ్చి, గోళ్లతో పుట్టలు తవ్వి, జిగట నాలుకతో చీమల్నీ చెదల్నీ లాక్కుని తింటుంది. బెదిరితే పొట్ట లోపలికి దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది.

పొలుసులు చూసి ఉడుముకు బంధువేమో అనుకుంటాం. కాదు. అలుగు పిల్లకు పాలిస్తుంది, దాని పొట్ట మీద పలచగా వెంట్రుకలుంటాయి. అంటే మనలాగే క్షీరదం. ఆ పొలుసులు కూడా మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతాయి.

ఇంతవరకు పేచీ లేదు. క్షీరదాల్లో దీన్ని ఎవరి పక్కన చేర్చాలన్న దగ్గరే చిక్కంతా వచ్చింది.

రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని బడిలో బట్టీ పట్టాం కదా, ఆ వరసకు పునాది వేసినవాడు స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్. 1758లో ఆయన క్షీరదాలను విడదీసినప్పుడు పళ్లకు చాలా విలువిచ్చాడు. ముందుపళ్లు లేనివంటూ అలుగును, దక్షిణ అమెరికా చీమతిండి జంతువును, చెట్లకు వేలాడుతూ బతికే స్లాత్‌ను, ఏనుగును, నీళ్లలో బతికే మానటీని ఒకే క్రమంలో పెట్టాడు. వింతగా ఉంది కదూ? అయితే అందులో ఒక జంట నిజంగానే చుట్టాలని ఈ కాలపు డీఎన్ఏ పరీక్షల్లో తేలింది: ఏనుగు, మానటీ.

అలుగు సంగతి అలా కాలేదు. ఏనుగును తీసేశాక కూడా అలుగును చీమతిండి జంతువు పక్కనే చాలాకాలం ఉంచారు. తప్పు పట్టలేం. రెండింటికీ పళ్లు లేవు, రెండింటికీ పొడుగు నాలుక, బలమైన గోళ్లు. కానీ చీమలు తిని బతకాలంటే ఏ జంతువుకైనా అవే కావాలి. వేర్వేరు ఖండాల్లో వేర్వేరు వంశాలు ఒకే తిండికి అలవాటుపడి ఒకే రూపానికి వచ్చాయి. పోలిక ఉన్నంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు.

మరి అసలు చుట్టాలెవరు? డీఎన్ఏను పోల్చి చూస్తే సమాధానం ఎవరూ ఊహించని వైపు నుంచి వచ్చింది. పిల్లి, కుక్క, పులి, ఎలుగుబంటి! మాంసాహార జంతువుల క్రమమే అలుగుకు అన్నిటికన్నా దగ్గరిది. పుర్రె లోపల కూడా ఒక ఆనవాలుంది. పెద్ద మెదడుకీ చిన్న మెదడుకీ మధ్య ఎముకతో ఏర్పడిన అడ్డుగోడ పిల్లిలో ఉంటుంది, అలుగులోనూ ఉంటుంది. పైకి కనిపించే నాలుక, గోళ్లు చెప్పని నిజం లోపలి ఎముక చెప్పింది. వర్గీకరణలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఎంత పాత పట్టికనైనా, కొత్త ఆధారం దొరికితే మొహమాటం లేకుండా దిద్దుకుంటారు.

దగ్గరి చుట్టాలన్నాం కదా అని నిన్నమొన్న విడిపోయారనుకోకండి. ఆ రెండు శాఖలూ వేరుపడి కోట్ల ఏళ్లయింది. పిల్లుల కుటుంబంలో దాదాపు నలభై జాతులున్నాయి. అలుగుల క్రమం మొత్తానికి ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క కుటుంబం. ఆ పొలుసుల్లో మందు గుణాలున్నాయని నమ్మి వాటిని వేటాడుతుంటే, 2016లో జోహానెస్‌బర్గ్‌లో ప్రపంచ దేశాలు సమావేశమై ఆసియా, ఆఫ్రికాల్లోని ఎనిమిది జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించడానికి ఒప్పుకున్నాయి. మన దేశంలోనూ అలుగును చంపడం, పట్టుకోవడం నేరం. పులి జాతి అంతరిస్తే భరించలేని నష్టమే, కానీ పిల్లుల కుటుంబంలో సింహం, చిరుత ఇంకా ఉంటాయి. ఈ ఎనిమిదీ పోతే క్షీరదాల్లో ఒక క్రమం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.